బళ్లో ఉన్న ఓర్పు ఇంటికొచ్చాక ఎందుకు ఉండదు?

చెన్నై అంబత్తూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి ఇది జవాబు. పేరు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఆమె రాసినదాన్ని కుదించి ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"మాది సూళ్లూరుపేట. పెళ్లయి చెన్నై వచ్చి పదేళ్లు దాటింది. కొరట్టూరులో ఒక ప్రైవేటు బళ్లో మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెబుతాను. మావారిది శ్రీపెరుంబుదూరు దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారానికో షిఫ్ట్. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు నాలుగు. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. బళ్లో నలభై మంది పిల్లలున్న క్లాసులో నేను గొంతు పెంచను. ఇంటికొచ్చాక నా ఇద్దరి మీద అరవని రోజు లేదు. పోయిన వారం మావారు సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నప్పుడు, తమిళం డిక్టేషన్‌లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ రాసిందని పాపను చెంప మీద కొట్టాను. ఆ రాత్రి అది తమ్ముడికి చెబుతుంటే విన్నాను: 'అమ్మ గేటు గడియ గట్టిగా తీస్తే ఇవాళ కోపంగా ఉన్నట్టు. అప్పుడు ఏమీ అడగకు.' ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. తల్లి ముందు తనను తాను చూసుకోవాలని అందరూ చెబుతున్నారు. పిల్లలు నిద్రపోయాక ఫోన్ చూసుకునే గంట తప్ప నాకంటూ ఏముంది? అత్తయ్యతో అంటే 'మేం ముగ్గుర్ని పెంచలేదా, ఎప్పుడైనా రెస్ట్ కావాలన్నామా' అన్నారు. పిల్లల్ని కొట్టే తల్లి తన సుఖం గురించి ఆలోచించుకోవచ్చా? బయట నేను మంచిదాన్నిగా నటిస్తున్నానా?"

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు నటించడం లేదు. నలభై మంది చిన్నపిల్లల ముందు రోజూ అన్ని గంటలు నటించడం ఎవరి వల్లా కాదు, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. క్లాసులో ఉండే ఆ టీచరే మీరు. సాయంత్రం ఇంటికి చేరేదీ ఆవిడే. కాకపోతే అప్పటికి ఆవిడ దగ్గర ఏమీ మిగలదు.

బళ్లో మీ రోజు ఎలా నడుస్తుందో ఒకసారి చూడండి. ప్రతి పీరియడ్‌కీ బెల్ కొడతారు. మధ్యలో ఒక పీరియడ్ ఖాళీ ఉంటుంది. స్టాఫ్ రూంలో టీ, పక్కన నాలుగు మాటలు మాట్లాడే మనిషి, మధ్యాహ్నం కూర్చుని తినే భోజనం ఉంటాయి. ఒక పిల్లాడు మరీ విసిగిస్తే చెప్పుకోవడానికి హెడ్ మిస్ ఉంటారు. పిల్లల మీద చేయి చేసుకోకూడదని 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఇవన్నీ ఎవరో ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాట్లు. మీ ఓర్పు వాటి ఆసరాతో సాయంత్రం దాకా నిలబడుతోంది. ఇంట్లో ఆ ఆసరా ఒక్కటీ లేదు. ఐదింటికి గేటు తీస్తే రాత్రి పదకొండు దాకా ఒకటే పీరియడ్, బెల్ కొట్టేవాళ్లు లేరు.

తల్లికి భూదేవంత ఓర్పు ఉండాలని మనవాళ్లు అనేశారు. ఆ మాట ఎంతమంది ఆడవాళ్ల నడుం విరిచిందో నేను రోజూ చూస్తున్నాను. ఓర్పుకు నిద్ర కావాలి, తిండి కావాలి, మధ్యమధ్యలో కాస్త ఊపిరి పీల్చుకునే వీలు కావాలి. అవి ఇస్తే ఉంటుంది, ఇవ్వకపోతే ఎంత మంచి మనిషిలోనైనా సాయంత్రానికి అయిపోతుంది. కాబట్టి మీరు అడగాల్సింది 'నాకు హక్కుందా' అని కాదమ్మా. మీ ఇద్దరు పిల్లలకు సాయంత్రం పూట తల్లి దక్కాలంటే ఆ ఇంట్లో ఏం మారాలి అని అడగాలి. మీ గురించి మీరు చూసుకోవడం ఆ లెక్కలోదే.

ముందు ఒంటి సంగతి. మీ ఉత్తరంలో ఒక లైను నేను రెండుసార్లు చదివాను. పన్నెండున్నరకు బళ్లో భోజనం చేస్తే మళ్లీ రాత్రి పిల్లలకు పెట్టాకే, తొమ్మిదిన్నరకు తింటానని రాశారు. మధ్యలో తొమ్మిది గంటలు. బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని బళ్లో నీళ్లు కూడా తక్కువ తాగుతానన్నారు. టీచర్లు చాలామంది ఇదే చేస్తారు. చెన్నై ఉక్కలో, గొంతు చించుకుని పాఠం చెప్పే మనిషి నీళ్లు తాగకపోతే సాయంత్రానికి తలనొప్పి రాక ఏమవుతుంది? పాపను మీరు కొట్టింది ఏడు గంటలప్పుడు. కడుపులో ఏమీ లేదు, తల పగిలిపోతోంది, రాత్రి నిద్ర ఐదు గంటలే. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. నిద్ర చాలని మెదడు చిన్న సంగతిని కూడా పెద్ద ప్రమాదంలా చూస్తుంది, చేయి ముందు లేస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. కొట్టడం తప్పే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ తప్పు అనుకుని కుమిలిపోతే రేపు ఏడింటికి మళ్లీ అదే ఒళ్లు, అదే ఆకలి.

ఒక రక్త పరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, ఈ మూడు చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి చిరాకుగా, నీరసంగా ఉంటుంది. చాలామంది ఆడవాళ్లు దాన్ని తమ బుద్ధి అనుకుని ఏళ్ల తరబడి తమను తామే తిట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చే తల్లులను నేను మొదట అడిగేది మనసు గురించి కాదు, ఆఖరిసారి రక్తం ఎప్పుడు చూపించుకున్నారని.

ఇక బడి నుంచి ఇంటికి వచ్చే దారి. కొరట్టూరులో లోకల్ ఎక్కి అంబత్తూరులో దిగి, పరుగులాంటి నడకతో ఇంటికొస్తానని రాశారు. ఆ పరుగు ఆపండి. దిగాక ప్లాట్‌ఫాం బెంచీ మీద పది నిమిషాలు కూర్చోండి. సంచిలో ఒక అరటిపండో, గుప్పెడు వేరుశనగలో, బయట దొరికే సుండల్ (ఉడికించిన శనగల గుగ్గిళ్లు) పొట్లమో ఉండాలి. తినండి, నీళ్లు తాగండి, ఫోన్ తీయొద్దు. పది నిమిషాలు ఆలస్యమైతే పిల్లలకు ఏమీ కాదు, అత్తగారు ఉన్నారు. బళ్లో ఒక పీరియడ్‌కీ ఇంకో పీరియడ్‌కీ మధ్య ఆగినట్టు, టీచర్ పనికీ అమ్మ పనికీ మధ్య కాస్త ఆగాలి. అది మీకు ఎవరూ ఇవ్వరు, మీరే పెట్టుకోవాలి.

ఇంట్లోకి వెళ్లాక మొదటి పావుగంట వంటింట్లోకి వెళ్లకండి. ఇది మీకు కష్టంగా ఉంటుంది, సింక్‌లో గిన్నెలు కనబడుతుంటాయి. అయినా కాళ్లు కడుక్కుని నేల మీద కూర్చోండి. బాబు ఒళ్లోకి వస్తాడు, పాప ముందు దూరంగా ఉంటుంది. ఏం నేర్చుకున్నావు, హోంవర్క్ ఎంత ఇచ్చారు అని అడగొద్దు. వాళ్లు చెప్పేది వినండి, చెప్పకపోతే ఊరికే కూర్చోండి. పొద్దున్నుంచి అమ్మ కోసం చూసిన పిల్లలకు ఆ పావుగంట దక్కితే తర్వాత గంటసేపు మిమ్మల్ని అంతగా పీకరు. దక్కకపోతే రాత్రి దాకా ఏదో ఒక వంకతో దాన్నే అడుగుతుంటారు. అల్లరి, ఏడుపు, గొడవ, అన్నీ ఆ అడగడమే.

తమిళం డిక్టేషన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే గొడవ అక్కడే ముదురుతోంది. 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళనాడులో బడి పిల్లలు పదో తరగతి దాకా తమిళం చదవాలి. మన తెలుగు తల్లిదండ్రులు చాలామందికి తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. మూడు 'న'లు, రెండు 'ర'లు, మూడు రకాల 'ల'లు, ఎక్కడ ఏది రాయాలో మీకే తెలియనప్పుడు పాపకు ఎలా చెబుతారు? నాలుగో తరగతి లెక్కలు చెప్పే టీచర్ సొంత కూతురి మూడో తరగతి పుస్తకం ముందు ఏమీ చేయలేక కూర్చోవడం చాలా అవమానంగా ఉంటుంది. ఆ అవమానమే పాప చెంప మీద పడింది. ఈ పని మీ చేతిలోంచి తీసేయండి. పక్క వాటాలో తమిళ కుటుంబం ఉందన్నారు కదా, వాళ్లబ్బాయి లెక్కల్లో వెనకబడ్డాడని కూడా రాశారు. వాళ్లమ్మగారు పాపకు తమిళం చెబితే, శనివారం ఒక గంట మీరు వాళ్లబ్బాయికి లెక్కలు చెప్పండి. అది కుదరకపోతే ట్యూషన్‌కి డబ్బు పెట్టండి. వేరే ఏ ఖర్చైనా తగ్గించి ఇది పెట్టొచ్చు. తల్లీకూతుళ్ల మధ్య రోజూ రగిలే ఒక గొడవ పోతుంది.

అయినా కోపం వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. ఊపిరి మామూలుగా తీసుకుని, తీసుకున్నదానికంటే రెట్టింపు సేపు మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మన శరీరంలో ఆ ఏర్పాటు ఉంది. అలా నాలుగైదుసార్లు చేసేసరికి చేయి ఆగుతుంది. అప్పటికీ ఆగకపోతే, "అమ్మకు కోపం వస్తోంది, నీళ్లు తాగొస్తా" అని చెప్పి లేచి వెళ్లండి. ఏమీ అనకుండా వెళ్లిపోవద్దు, పిల్లలు అమ్మ తమను వదిలేసిందనుకుంటారు. మీ మేడ మీదికి వెళ్లే వీలుందన్నారు, సాయంత్రం అక్కడ సముద్రపు గాలి వస్తుంది. అత్తగారు పిల్లల దగ్గరుంటే ఐదు నిమిషాలు పైన తిరిగి రండి.

ఇప్పుడు పాప సంగతి. గేటు గడియ చప్పుడు విని అమ్మ మనసు కొలవడం నేర్చుకుందంటే అది తెలివైన పిల్ల, భయపడిన పిల్ల కూడా. మీరు మౌనంగా బాధపడితే ఆ భయం పోదు. ఆ రోజు గురించి దానితో నోరు తెరిచి మాట్లాడాలి. "ఆ రోజు నిన్ను కొట్టాను. అది నా తప్పు. నువ్వు తప్పు రాసినందుకు కాదు, నేను అలిసిపోయి కోపం ఆపుకోలేకపోయాను. ఇక నుంచి కోపం వస్తే లేచి వెళ్లి నీళ్లు తాగుతాను" అనండి, అంతే. "కానీ నువ్వు కూడా సరిగ్గా రాయాలి కదా" అని చివర్లో అతికించొద్దు, పాపకు అదొక్కటే గుర్తుంటుంది. అది 'సరేలే' అని ఆడుకోవడానికి పోవచ్చు. పోనివ్వండి. నాలుగు రోజుల తర్వాత అన్నం తింటూ మళ్లీ ఎత్తుతుంది, అప్పుడూ అంతే నెమ్మదిగా చెప్పండి.

దీన్ని ఊరికే ఓదార్పుకు చెప్పడం లేదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1970ల నుంచి తల్లులనూ పసిపిల్లలనూ గమనించాడు. తల్లి ముఖంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతే పసిబిడ్డ క్షణాల్లో తల్లడిల్లిపోయింది. మామూలు ఇళ్లలో కూడా తల్లీబిడ్డలు ఒకరికొకరు కుదిరి ఉండే సమయం తక్కువ, కుదరని సమయమే ఎక్కువ అని కూడా ఆయన చూశాడు. బిడ్డకు ధైర్యం వచ్చేది తేడా వచ్చాక అమ్మ మళ్లీ దగ్గరికి రావడంలో. మీ పాపకు ఎనిమిదేళ్లే, చాలా సమయం ఉంది.

మీవారి గురించి మీరు రెండే లైన్లు రాశారు, "ఆయనా అలిసిపోయే వస్తారు, ఏమీ అనలేను" అని. ఆయన అలసట నిజమే, షిఫ్టుల ఉద్యోగం ఒంటిని పిండేస్తుంది. కానీ ఒక లెక్క చూడండి. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైం యూజ్ సర్వేలో, ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పనికి పెడుతున్నట్టు తేలింది. ఐదు గంటలకూ గంటన్నరకూ మధ్య ఉన్న ఆ తేడాలోనే మీ నిద్ర, మీ తిండి, మీ ఓర్పు పోతున్నాయి.

మీరు రాసిన షిఫ్టులు ముందు పెట్టుకుని చూస్తే దారి కనిపిస్తోంది. ఫస్ట్ షిఫ్ట్ వారం ఆయన నాలుగింటికల్లా ఇంట్లో ఉంటారు. కాసేపు పడుకుని లేస్తే ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలు ఆయన బాధ్యత, స్నానం, హోంవర్క్ అన్నీ. నైట్ షిఫ్ట్ వారం పగలు నిద్రపోయినా సాయంత్రం ఐదు నుంచి బస్సెక్కే దాకా మెలకువగానే ఉంటారు, అప్పుడూ అంతే. సెకండ్ షిఫ్ట్ వారం సాయంత్రం మీరు ఒంటరి, అదే మీకు ప్రమాదమైన వారం. ఆ వారం పొద్దున పూట ఆయన ఇంట్లో ఉంటారు కాబట్టి టిఫిన్ బాక్సులు, బాబును తయారుచేయడం, పాపను బడికి పంపడం ఆయన చేస్తే మీకు ఇంకో గంట నిద్ర దక్కుతుంది. రాత్రి వంట కూడా ఆ వారం తేలిగ్గా పెట్టుకోండి. దోసెల పిండి కొనుక్కొచ్చి పోసినా, పెరుగన్నంతో సరిపెట్టినా ఎవరికీ లోటు రాదు. సూళ్లూరుపేటలో మీ అక్క ఉందన్నారు. సెంట్రల్‌లో మారితే లోకల్లోనే రావచ్చు కదా. ఆ వారంలో ఒక్క రెండు రోజులు రమ్మనండి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఆయనతో ఈ మాట రాత్రి పదకొండున్నరకు, బస్సు దిగి వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడొద్దు. సెలవు రోజు టీ తాగుతూ చెప్పండి. "మీరు నాకు సాయం చేయట్లేదు" అని మొదలుపెడితే గొడవవుతుంది. "ఏవండీ, పాప నన్ను చూసి భయపడుతోంది. నేను ఇలా ఉండకూడదు. సాయంత్రం రెండు గంటలు పిల్లలు మీ దగ్గరుంటే నేను మనిషినవుతాను" అనండి. పాప అన్న మాట కూడా చెప్పండి. ఏ తండ్రికైనా అది తగులుతుంది. ఒప్పుకున్నాక షిఫ్టుల కాగితం పక్కనే మీ గంటలు కూడా రాసి గోడకు అంటించండి. మాట మీద నడిచే ఏర్పాటు రెండో వారానికి మరుగున పడుతుంది.

అత్తగారి మాటకు బాధపడకండి. ఆవిడ ముగ్గుర్ని పెంచారు, నిజం. కానీ ఆ ఇంట్లో ఇంకెవరుండేవారో ఒకసారి అడగండి, ఎదిరించడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి. తోటికోడలు, ఆడపడుచు, పక్కింటి పిన్ని, పిల్లాణ్ని చంకనేసుకుని వీధంతా తిప్పే ముసలమ్మ, ఇలా నలుగురు చేతులు పెట్టారని ఆవిడే చెబుతారు. మీకు ఆ చేతులు లేవు, ఊరుకాని ఊళ్లో మీ ఒక్కరివే. ఆ మాటల్లోనే మెల్లగా రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా పిల్లలకు కథలు చెప్పమనండి, మోకాళ్లతో పని లేదు దానికి. చెప్పడం ఆవిడకూ ఇష్టంగానే ఉంటుందని నా నమ్మకం.

పిల్లలు పడుకున్నాక ఫోన్ చూసే గంట గురించి సిగ్గుపడుతూ రాశారు. పగలంతా మీది అనే నిమిషం లేని మనిషి రాత్రి నిద్రలోంచి ఒక గంట దొంగిలించుకుంటుంది, అది సహజం. ఫోన్ మానేయమని చెప్పను. సాయంత్రం మీకంటూ రెండు గంటలు వచ్చాక అందులో అరగంట ఫోన్ చూసుకోండి, పదిన్నరకు దాన్ని వేరే గదిలో పెట్టి పడుకోండి. ఆదివారం ఏం చేయాలనుంది అన్న నా ప్రశ్నకు ముందే జవాబు రాశారు, "ఎవరూ లేపకుండా పడుకోవాలనుంది" అని. పడుకోండి. పార్లరు, బీచి, గుడి తర్వాత చూసుకోవచ్చు. ఆయన పిల్లల్ని తీసుకుని అన్నానగర్ టవర్ పార్కుకు వెళ్తే మీకు ఒక పూట నిద్ర దక్కుతుంది.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. నిద్ర, తిండి, కాస్త ఖాళీ దొరికాక కూడా రెండు వారాల పాటు ఏ పని మీదా మనసు పోకపోతే, కారణం లేకుండా ఏడుపొస్తుంటే, పిల్లల్ని చూస్తే ఏమీ అనిపించకపోతే, 'నేను లేకపోతే వీళ్లకే మంచిది' అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, కొట్టడం మళ్లీ మళ్లీ జరుగుతున్నా, అది ఇంట్లో సర్దుకునే విషయం కాదు. బెల్జియంలో ఇసబెల్ రోస్కాం, మొయిరా మికోలైజాక్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల పెంపకంలో పూర్తిగా అరిగిపోయిన తల్లిదండ్రుల మీద ఏళ్లుగా పని చేస్తున్నారు. ఒంట్లో సత్తువ పోవడం, పిల్లల నుంచి మనసు దూరమవడం, పెంచడంలో సంతోషం లేకపోవడం, 'నేను ఒకప్పుడు ఇలా ఉండేదాన్ని కాదే' అనిపించడం, ఇవీ వాళ్లు చెప్పే గుర్తులు. ఆ దశకు వస్తే ఆలస్యం చేయొద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. రాత్రయినా పగలైనా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నేరుగా డాక్టరును చూడాలంటే కీల్పాకులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. వెళ్తే ఎవరో ఏదో అనుకుంటారని ఆగొద్దు.

ఈ జవాబు మీకు చేరే వారం ఆయనది ఏ షిఫ్టో నాకు తెలియదు. ఫస్ట్ షిఫ్టో, నైట్ షిఫ్టో అయితే రేపటి నుంచే సాయంత్రం రెండు గంటలు ఆయనకు అప్పగించండి. సెకండ్ షిఫ్ట్ అయితే ఇవాళే అక్కకు ఫోన్ చేయండి, పక్క వాటా ఆవిడతో తమిళం సంగతి మాట్లాడండి. రక్త పరీక్ష మాత్రం షిఫ్ట్ ఏదైనా ఈ శనివారమే. రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి.